నేను తెరిపించిన కళ్ళు

ఇరవై ఆరేళ్ళు నేను చచ్చిపోయినవాళ్ళ కళ్ళు తెరిపించాను. డాక్టర్ని కాను, స్వామీజీని అంతకన్నా కాను. మద్దిలపాలెం బస్సు డిపో దగ్గర ఒక ఫోటో స్టూడియోలో బొమ్మల పనివాణ్ణి.

ఫోనులో వెయ్యి ఫోటోలు మోసుకు తిరిగే పిల్లలకు ఇది కాస్త విడమరిచి చెప్పాలి. అప్పట్లో చాలా ఇళ్ళల్లో మనిషి బతికుండగా ఫోటో ఉండేది కాదు. ప్రాణం పోయాక గుర్తొచ్చేది. ఎవరో ఒకరు సైకిలేసుకుని స్టూడియోకి వచ్చేవారు. మా కెమెరా అతను వెళ్ళి, శవాన్ని గోడకానించి కూర్చోబెట్టి, తల వాలిపోకుండా వెనకనుంచి ఎవరినో పట్టుకోమని, ఫోటో తీసుకొచ్చేవాడు. అందులో కళ్ళు మూసుకునే ఉంటాయి కదా. పెద్దకర్మ నాడు దండ వేసి, నుదుట బొట్టు పెట్టి, గోడకు తగిలించే ఫోటోలో ఇంటాయన నిద్రపోతూ కనిపిస్తే ఎవరికి నచ్చుతుంది? అక్కడ నేను దిగేవాణ్ణి. సన్నటి కుంచెతో మూసిన రెప్పల మీద తెరిచిన కళ్ళు వేసేవాణ్ణి. ముక్కులో దూది ఉంటే తీసేసేవాణ్ణి. వెనక పట్టుకున్నవాడి వేళ్ళు చెరిపేసేవాణ్ణి. అడిగితే కోటు తొడిగేవాణ్ణి. జన్మంతా గోచీతో గడిపిన పెద్దమనిషిని టై కట్టి స్వర్గానికి పంపిన ఘనత నాది. ఈ ఊళ్ళో నేను తెరిపించినన్ని కళ్ళు ఏ కంటాసుపత్రీ తెరిపించి ఉండదు.

నా చదువు ఆరో తరగతితో సరి. లెక్కల మాస్టారి బొమ్మ బడి గోడ మీద బొగ్గుతో గీశాను. అది కుదరకపోయి ఉంటే ఈపాటికి ఏ పోర్టు ఆఫీసులోనో గుమాస్తాగా రిటైరై పింఛను తింటూ ఉండేవాణ్ణి. బాగా కుదిరింది. ఎవరిదో అందరికీ తెలిసిపోయింది. మర్నాటి నుంచి నాకు బడి లేదు.

పని నేర్పిన మేస్త్రి మొదటి వారంలోనే ఒక మాట చెప్పాడు. "మూసున్న కళ్ళకి నమూనా ఉండదురా. ఎదురుగా కనపడే కళ్ళు ఏవో ఒక జత సూసి సెయ్యి అలవాటు సేసుకో. మిగతాది దేవుడు సూసుకుంటాడు."

నా బల్లకు ఎదురుగా ఉన్నది మా ఓనరు గారి కౌంటరు. ఆయనది గోదావరి జిల్లా. స్టీల్ ప్లాంటులో ఉద్యోగమొచ్చిన అన్నగారి వెంట ఈ ఊరొచ్చి స్టూడియో పెట్టుకున్నారు. పెద్ద కళ్ళు, చల్లటి చూపు. ఎవరితో మాట్లాడినా తిన్నగా కళ్ళలోకి చూసి మాట్లాడేవారు. ఆ కళ్ళు నా చేతికి పట్టుబడిపోయాయి. తర్వాత ఎవరు పోయినా నా కుంచె కింద తెరుచుకున్నవి అవే. ఒకరికి కాస్త చిన్నవి, ఒకరికి ముడత ఎక్కువ, అంతే తేడా. ముక్కూ నోరూ చెవులూ ఫోటోలో వాళ్ళవే ఉంటాయి కాబట్టి ఇంటివాళ్ళు చూసి, ఏడ్చి, పట్టుకెళ్ళిపోయేవారు. ఒక్క మా కెమెరా అతనే కనిపెట్టాడు.

"బావ, ఊళ్ళో పోనోళ్ళందరూ మన ఓనరు గారికి సుట్టాలేటి?"

"గట్టిగా అనకు. ఇంటే కళ్ళకి అద్దె అడుగుతాడు."

ఓనరు గారికి ఈ సంగతి తెలీదు. తన కళ్ళను తను ఎదురుగా కూర్చుని ఎవరు చూసుకుంటారు?

ఒక్కోసారి శవం ఫోటో కూడా లేని బేరం వచ్చేది. అప్పుడు ఇంటివాళ్ళని అడిగి, అన్నదమ్ముల పోలికలు చూసి, నల్ల పొడితో మందపాటి కాగితం మీద మొత్తం బొమ్మ నేనే వెయ్యాలి. అలాంటప్పుడు నేను మనుషుల్ని తక్కువ, గదిని ఎక్కువ అడిగేవాణ్ణి. నాకదో గీర. సీతమ్మధారలో ఒక ఇంటికి వెళ్ళి, పడకకుర్చీ చేతులు రెండూ చూసి, ఎడమ వైపు పాలిష్ పోయి కుడి వైపు మెరుస్తుంటే, "పెద్దాయనకి కుడి చెయ్యి పని చేసేది కాదు కదండీ?" అన్నాను. ఆ ఇంట్లో నాకు ఇచ్చిన కాఫీ గ్లాసు అప్పటికప్పుడు వెండిదైపోయింది. అప్పట్నుంచి గది నాతో మాట్లాడుతుందని ఊరంతా చెప్పుకు తిరిగాను. గది అబద్ధం చెప్పదు, నిజమే. వినేవాడి చెవుల సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు.

తొంభైల మధ్యలో ఒకరోజు ఒక ముసలామె, ఆమె చిన్నకొడుకు స్టూడియోకి వచ్చారు. ఊరి ఒడ్డునే ఉన్న చేపలపేట వాళ్ళు. పెద్దకొడుకు వేటకెళ్ళాడు. గాలి తిరిగి పడవ బోల్తా పడింది. ముగ్గురు ఈదుకొచ్చారు. ఇతను రాలేదు. నెల దాటింది. మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు.

"ఫోటో ఒక్కటీ నేదు బావ," అన్నాడు తమ్ముడు. అక్కడ ఎవరైనా బావే, నేనూ బావనే అయ్యాను. "పెళ్ళిలో తీసింది ఒకటుండేది. సెమ్మకి పోనాది."

"కాల్సడానికీ ఏటీ నేదు, పూడ్సడానికీ నేదు," అంది తల్లి. "ఏదో ఒకటి గోడకెట్టి నాలుగు పూలెయ్యాల కదా బాబూ. అలాగొదిలేత్తే ఆడు నీళ్ళల్లోనే తిరుగుతాడు."

మర్నాడు ఉదయం వాళ్ళింటికి వెళ్ళాను. రేకుల కప్పు, ఒకటే గది, సముద్రం వైపు ఒక కిటికీ. గడప మీద పెద్దకొడుకు భార్య బయటికి తిరిగి కూర్చుని ఉంది. ముప్పై దాటి ఉండవు. తొమ్మిదేళ్ళ కాపరం, పిల్లల్లేరు. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు. అది తియ్యడానికి ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదనీ, రోజూ తెల్లారి ఒడ్డుకెళ్ళి నిలబడుతోందనీ తమ్ముడు దారిలో చెప్పాడు.

"ఎందుకిదంతా?" అంది, నావైపు తిరక్కుండానే. "రేపు మనిషొచ్చీసి గోడ మీద దండ సూత్తే ఏటనుకుంటాడు?"

"రేపు రేపంటే నెల దాటిపోనాదే తల్లీ," అంది అత్త.

నేను పనిలోకి దిగాను. "మనిషెలాగుండీవోడమ్మా?" అని ముసలామెను అడిగాను.

"సెందురుడిలాగుండీవోడు బాబూ."

తమ్ముణ్ణి అడిగాను. "అన్న అన్నలాగే ఉండీవోడు. ఇంకెలాగుంటాడు?"

"ముక్కో?"

"ముక్కు ముక్కులాగే."

"నయం, సెవిలాగ నేదు," అన్నాను. ముసలామె కూడా పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. నెల రోజుల్లో ఆ ఇంట్లో అదే మొదటి నవ్వేమో. నాకు ఊపొచ్చింది. మనుషుల్ని వదిలేసి గదిని అడగడం మొదలెట్టాను.

మేకుకు ఒక చొక్కా వేలాడుతోంది. ఎడమ భుజం మీద బట్ట జల్లెడలా అరిగిపోయి, లోపలనుంచి అతుకు పడింది. కుడి భుజం కొత్తదిలా ఉంది. అంటే వల బరువంతా ఒక వైపే మోశాడు. అలా ఏళ్ళ తరబడి మోసినవాడి భుజం ఒకటి కిందికి దిగుతుంది, రెండోది దాన్ని చూసి భయపడ్డట్టు పైకి లేస్తుంది. మెడ దగ్గరి బొత్తాం మెరుస్తోంది, దాని కాజా ఇంకా బిగుతుగా ఉంది. ఒక్కసారి కూడా పెట్టుకోలేదన్నమాట. గోడ మీద తల ఆనించిన నూనె మరక ఉంది. జానలతో కొలిచాను. కూర్చున్న మనిషికి అంత ఎత్తులో తల ఉందంటే మెడ పొడుగు. కిటికీకి నల్ల గొడుగు గుడ్డ చింపి, నాలుగు మూలలా మేకులు కొట్టి ఉంది. ఉప్పుగాలికి అడ్డం అనుకుని ముందుకెళ్ళిపోయాను.

చొక్కా మేకు మీంచి తీశాను. "ఇది పట్టికెల్తానమ్మా. రెండ్రోజుల్లో తెచ్చిత్తాను."

అప్పుడు లేచింది కోడలు. వచ్చి నా చేతిలోంచి చొక్కా లాక్కుని మళ్ళీ అదే మేకుకు, అవే మడతల్లో తగిలించింది.

"ఇంకా ఉతకనేదు. ఇక్కడే సూసి గుర్తెట్టుకో."

సరే అని నిలబడి చూశాను. ఆమె పక్కనే కాపలా నిలబడింది. నేను దేన్ని చూస్తున్నానో తను చూస్తోంది. బొత్తాం దగ్గర నా చూపు ఆగితే, "అది ఎట్టీవోడు కాదు. ఊపిరాడదనీవోడు," అంది. ఆమె నోటి నుంచి అతని గురించి వచ్చిన మొదటి మాట అది. ఆ మాట తర్వాత ఆమె ముఖం కాస్త తేటపడింది. చెప్పాలనిపించిందని నాకు అర్థమైంది.

"కళ్ళెలాగుండీవమ్మా?" అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది. "కళ్ళు..." అని ఆగింది. పెదవులు తడుపుకుంది. "సూసీవోడు కాదు. ఎప్పుడూ..."

"సాల్లే అమ్మా! పెళ్ళాన్ని సూడక ఇంకెవుల్ని సూసీవోడు?" అన్నాను.

తమ్ముడు పకపకా నవ్వాడు. ముసలామె, "ఈ బాబు మా సెడ్డోడు," అని నవ్వింది. కోడలు నోరు మూసుకుంది. వెళ్ళి మళ్ళీ గడప మీద, సముద్రం వైపు తిరిగి కూర్చుంది. ఇంక నేను ఏమడిగినా, "అత్తనడుగు," అంది.

తెలివైనవాణ్ణని పేరున్నవాడి జబ్బు ఇది. ఎదుటివాళ్ళు మాట వెతుక్కుంటుంటే, ఆ ఖాళీ చూసి ఆగలేడు. తన మాట ఒకటి అందులో దూర్చేస్తాడు. గదిలో అందరూ నవ్వారు కదా అని నేను సంతోషంగా సైకిలెక్కాను.

నాలుగు రోజులు వేశాను. దవడ తమ్ముడిది, ముక్కు తల్లిది. భుజాలు చొక్కా చెప్పినట్టు, మెడ గోడ చెప్పినట్టు, బొత్తాం తీసి. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగలేదు. ఆగి ఉండాల్సింది. ఇరవై నిమిషాల్లో రెండూ తెరుచుకున్నాయి. ఓనరు గారు లేచి వచ్చి చూశారు. "ఏవయ్యా, మనిషి లేచొచ్చినట్టు ఉన్నాడే," అన్నారు, తన కళ్ళతోనే దాని కళ్ళలోకి చూస్తూ.

కర్మ నాడు బొమ్మ పట్టుకుని నేనే వెళ్ళాను. ఆనందపురం నుంచి తెచ్చిన బంతిపూల దండ సిద్ధంగా ఉంది. తమ్ముడు గోడకు తగిలించాడు. ఆమె గడప మీంచి లేచి లోపలికి వచ్చింది. ముందు ఆమె చూసింది ముఖాన్ని కాదు. నేను కళ్ళారా చూశాను. ఆమె చూపు ముందు ఆ దిగిపోయిన ఎడమ భుజం మీద పడింది. తర్వాత తీసి ఉన్న బొత్తాం మీద. అక్కడ ఆమె గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. అప్పుడు తలెత్తి ముఖం చూసింది. భుజాలు అతనివైతే ముఖం ఇంకెవరిదవుతుంది? నమ్మేసింది.

"ఓలమ్మో, ఎల్లిపోనాడే!" అని నేల మీద పడిపోయింది. నెల తర్వాత అది మొదటి ఏడుపు. ఏడ్చి ఏడ్చి లేచి, ఎవరూ అడక్కుండానే కొంగుతో నుదుటి బొట్టు తనే తుడిచేసుకుంది.

ఆ రోజు నేను ఎంత పొంగిపోయానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. ముసలామె నా చేతిలో తాటాకులో చుట్టిన వంజరం ముక్కలు పెట్టింది. ఇంటికెళ్ళి వండించుకుని తిన్నాను. రాని మనిషిని ఒక చొక్కా చూసి రప్పించానని స్టూడియోలో ఏడాది పాటు చెప్పాను. వినివిని కెమెరా అతను, "బావ, ఈసారి ఒక లాగు సూసి బతికున్నోణ్ణి దింపీ," అన్నాడు.

తర్వాత కాలం తిరగబడింది. స్టూడియోలోకి కంప్యూటరు వచ్చింది. కెమెరా అతను నేర్చుకున్నాడు. నాకు ఆ మౌసు తడి సబ్బు బిళ్ళలా జారిపోయేది. కళ్ళు తెరిపించడం, కోటు తొడగడం అన్నీ అతనే, టీ చల్లారేలోపు చేసేసేవాడు. నాకు పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించే కత్తెర మిగిలింది. కుంచె పట్టినవాడు క్షవరం పనికి దిగాడని నా మీద నేనే జోకులేసుకునేవాణ్ణి.

పదకొండేళ్ళు గడిచాయి. ముసలామె పోయిందని విన్నాను. అప్పుడప్పుడు చేపల కోసం అటు వెళ్ళినప్పుడు చూసేవాణ్ణి. బొమ్మ అదే గోడ మీద ఉండేది. కోడలు ఉదయం చేపల తట్ట నెత్తికెత్తుకునే ముందు దానికి చెప్పి వెళ్ళేది. సాయంత్రం వచ్చి, ఎక్కడ ఏ బేరం తగిలిందో, ఎవరు ఏమన్నారో దానికి చెప్పేది. నాకు చూడముచ్చటగా ఉండేది.

ఒక మధ్యాహ్నం తమ్ముడు స్టూడియోకి వచ్చాడు. వెనకే ఆమె, చేపలన్నీ అమ్మేసి ఖాళీ తట్టతో. తమ్ముడి మొహం వెలిగిపోతోంది.

"బావ, అన్న దొరికినాడు!"

కత్తెర పక్కన పడేసి లేచాను. అతను జేబులోంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన చిన్న ఫోటో తీశాడు. వాళ్ళు పనిచేసిన పడవ యజమాని ఇల్లు మారుతూ పాత పెట్టె సర్దితే దొరికిందట. పడవ ముందు పన్నెండుమంది వరసగా నిలబడి ఉన్నారు. తలలు చింతపిక్కలంత.

"వొదినకి ఇంకా సూపించనేదు. పెద్దది సేసి, ఒక్కపాలి సూపిద్దామని ఇక్కడికే లాక్కొచ్చీసినాను. ఈ సివరోడే అన్న."

కెమెరా అతను దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి పెద్దది చెయ్యడం మొదలెట్టాడు. చింతపిక్క నిమ్మకాయైంది, కొబ్బరికాయైంది, చివరికి తెరనిండా మనిషైంది. మెడ పొడుగే. ఎడమ భుజం దిగే ఉంది. బొత్తాం తీసే ఉంది. మెడ దాకా అచ్చం నా బొమ్మే.

పైన ఉన్న ముఖాన్ని నేనెప్పుడూ చూడలేదు. లోపలికి పోయిన చిన్న కళ్ళు. పన్నెండుమందిలో పదకొండుమంది ఎండలో తిన్నగా కెమెరాలోకి చూస్తున్నారు. ఇతనొక్కడే తల పక్కకు తిప్పి, ఎడమ కన్ను పూర్తిగా మూసి, రెండోది సన్నటి గీతలా ఉంచాడు. నీళ్ళ మీద ఎండ కొట్టి కొట్టి వెలుతురు ఓర్వలేని కళ్ళు. సూసీవోడు కాదు, ఎప్పుడూ... అని ఆమె అన్నది గుర్తొచ్చింది. ఎప్పుడూ తిన్నగా చూసేవాడు కాదు. కిటికీకి గొడుగు గుడ్డ కొట్టింది గాలికి కాదు. గది చెప్పింది, పెళ్ళాం చెప్పబోయింది. నేను జోకేశాను.

"ఈయనెవులు?" అంది ఆమె.

"అదేటొదినా! అన్న."

"కాదు."

"సరిగ్గా సూడు."

"సూసినాను. మీ అన్న కాదు. మీ అన్న ఇలాగ దొంగసూపు సూసీవోడు కాదు. తిన్నగా సూసీవోడు. రోజూ సూత్తన్నాను నాకు తెల్దా?"

"నీకు మతి గాని పోనాదేటి? తొమ్మిదేళ్ళు కాపరం సేసినావు!"

"సేసినాను గనకే సెప్తన్నాను. ఎవుడో పరాయోణ్ణి తెచ్చి నా ఇంట్లో ఎట్టకు."

తమ్ముడు నా వైపు తిరిగాడు. "బావ, నువ్వు సెప్పు. బొమ్మ నువ్వేసినావు. కళ్ళు మాయన్నయి కావని నాకు ఆ రోజే తెలుసు. అమ్మకీ తెలుసు. వొదిన ఏడ్సింది, మనిషి దారిలోకొచ్చింది కదాని నోరు మూసుకున్నాం. ఇప్పుడు మాయన్ననే కాదంటంది. సెప్పు!"

నేను ఏం చెయ్యాలి? రెండు దారులున్నాయి. "అవునమ్మా, ఇతనెవరో వేరే మనిషి" అని ఒక్క ముక్క అంటే ఆమె నిశ్చింతగా తట్ట ఎత్తుకుని ఇంటికెళ్ళి, గోడతో బేరాల కబుర్లు చెప్పుకునేది. తమ్ముడికి మాత్రం అన్న ఇంకోసారి పోయేవాడు. నేను రెండో దారి పట్టాను. నన్ను నిజాయితీపరుడనుకోకండి. ఆ తెర మీది కన్ను నన్ను చూడకుండా పక్కకు చూస్తుంటే నాకు ఊపిరాడలేదు. నా గుండె మీది రాయి ఎక్కడో ఒకచోట పడెయ్యాలి. ఎదురుగా ఆమె ఉంది.

"అమ్మా, ఆ కళ్ళు మీ ఆయనయి కావు."

"నీకెలాగ తెలుసు? నువ్వు సూసినావేటి?"

"సూడనేదు. సూడకే ఏసినాను. నాను ఎవుల బొమ్మేసినా అయ్యే కళ్ళేత్తాను. అయి... ఆయన కళ్ళు." వేలు కౌంటరు వైపు చూపించాను.

ఓనరు గారు రసీదు పుస్తకం మీంచి తలెత్తారు. ముసలివారైపోయారు గాని కళ్ళు మారలేదు. "నావేంటయ్యా?" అన్నారు. ఆమె తట్ట కింద పెట్టి కౌంటరు దగ్గరికి నడిచింది. ఆయన ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. ఆయనకు ఏమర్థమైందో, జన్మలో మొదటిసారి ఒక మనిషి ముందు కళ్ళు దించుకున్నారు.

"పదకొండేళ్ళు ఈ బాబుతోనేటి నాను మాటాడినాను?" అంది ఆమె.

నా ఇన్నేళ్ళ బతుకులో, ఎవరూ నవ్వకూడదని నేను మొక్కుకున్న మాట అదొక్కటే. ఎవరూ నవ్వలేదు.

ఆమె తెర దగ్గరికి తిరిగి వచ్చింది. ఒంగి, ముక్కు తగిలేంత దగ్గరగా చూసింది. ఆ సన్నటి గీత లాంటి కంటిని వేలితో తాకింది. గుర్తుపట్టడానికి ఎంత కష్టపడుతోందో ఆమె వీపు చూస్తేనే తెలుస్తోంది. తర్వాత తట్ట తీసుకుని, తమ్ముడితో కూడా మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

రెండు రోజుల తర్వాత బొమ్మను పాత చీరలో చుట్టి ఆమె ఒక్కతే వచ్చింది. నా బల్ల మీద పెట్టి విప్పింది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"రెండు దినాలయి పడుకోనేదు. ఆ కంపూటర్లో మనిషే ఆయనని తెలుసు. మరిది ఒట్టేసి సెప్పినాడు. తెలుసు గాని రావటం నేదు. కళ్ళు మూత్తే ఈ బొమ్మే వత్తంది." ఆమె మాట ఎక్కడా తొట్రుపడలేదు. రెండు రాత్రులు లోపల చెప్పుకుని చెప్పుకుని వచ్చిన మాటలు. "కూడబుట్టినోడికి గుర్తున్నాడు. పక్కన పడుకున్నదానికి గుర్తు నేడు. ఇదేటి బాబూ?"

నేను బొమ్మను వెలుతురు వైపు తిప్పాను.

ఆమె అరచేయి చాపి బొమ్మలో ముఖం మీద అడ్డంగా పెట్టింది. మెడ, భుజాలు మాత్రం కనపడుతున్నాయి. అలాగే చూస్తూ ఉండిపోయింది. "ఇలాగుంటే..." అంది. ఆగింది.

ఈసారి నేను నోరు తెరవలేదు.

"ఇలాగుంటే వత్తాడేమో అనిపిత్తంది. ఇయ్యి ఆయన భుజాలే. ఇయ్యుంచు. మొఖం తుడిసీ."

"కొత్తది ఏత్తానమ్మా. ఇప్పుడు ఫోటో ఉంది కదా, అచ్చంగా..."

"నువ్వు ఇంకేటీ ఎయ్యకు."

ఫ్రేము విప్పాను. మేకులు తుప్పుపట్టి ఉన్నాయి. పొడితో వేసిన బొమ్మ చెరపడం పెద్ద పని కాదు. రబ్బరు, నిన్నటి బ్రెడ్డు ముక్క ఉంటే చాలు. "ముందు కళ్ళు," అంది ఆమె. తుడిచాను. ఇరవై ఆరేళ్ళు తెరిపించినవాణ్ణి, మూయడం ఇంత తేలికని నాకు తెలీదు. తర్వాత ముక్కు, నోరు, దవడ, జుట్టు. ఆమె పక్కన నిలబడి, ఆ రోజు చొక్కా దగ్గర కాపలా కాసినట్టే, నా చేతిని కాపలా కాసింది. "మెడకాడ ఆగిపో. బొత్తాం జోలికెల్లకు." ఆగాను. పదకొండేళ్ళకు కాగితం పసుపెక్కింది. ముఖం ఉన్నచోట మాత్రం బూడిద రంగు మరక మిగిలింది. కెమెరా అతను దూరం నుంచి చూసి బయటికి వెళ్ళిపోయాడు. ఓనరు గారు ఆ పూట భోజనానికి వెళ్ళినవారు మళ్ళీ రాలేదు.

అదే నేను చేసిన ఆఖరి బొమ్మ పని. ఆ నెలాఖరుకు మానేశాను.

మానేశాక ఒక ఉదయం చేపల వంకతో ఆ పేటకు వెళ్ళాను. ఆమె గడపలోనే కనిపించింది. లోపల గోడ మీద బొమ్మ ఉంది. ఒకటి దిగి ఒకటి లేచిన భుజాలు, తీసిన బొత్తాం, పైన బూడిద మరక. కిటికీకి ఇప్పుడు గొడుగు గుడ్డ లేదు. కింద కొత్త పూలు, ఒక గిన్నెలో కుంకుమ. అతను పోయిన తిథి ఆ రోజేనని అప్పటిదాకా నాకు తెలీదు.

"వచ్చినాడేటమ్మా?" అని అడిగాను.

"నేదు."

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని అంత దూరం వెళ్ళాననిపించింది. ఆమె ఉంగరం వేలు కుంకుమలో అద్ది, బొమ్మ దాకా ఎత్తింది. వేలు ఫ్రేము అద్దం ముందు ఆగిపోయింది. కొంచెం పైకి జరిగింది. కొంచెం కిందికి వచ్చింది.

"నుదురు ఏపాటి ఎత్తులో ఉండాల బాబూ?"

ఈ ఊళ్ళో ఎన్ని నుదుళ్ళు కొలిచానో లెక్కలేదు. చెయ్యి ఎత్తాను. నాకూ తెలియలేదు.